పరాయి గుంటలో కాళ్లు

కొన్న వారానికి సైకిలుని చేపల కాటా ఎక్కించాను. ఉప్పాడ ఒడ్డున పొద్దుటి వేలంపాట అయిపోయి తట్టలు కడుక్కుంటున్న వేళ అది. కాటా మీద అంకెలు కాసేపు ఊగిసలాడి 10 కిలోల 700 గ్రాముల దగ్గర నిలబడ్డాయి. పాట పాడే కుర్రాడు నన్నూ సైకిలునీ మార్చి మార్చి చూసి, "ఏంటి మాస్టారూ, మొన్న మా బోటుకి పడ్డ సొర దీనికంటే బరువండి. దీనికా 24 వేలు పోశారు?" అన్నాడు. పక్కనున్న ముసలాయన "పోన్లేరా, సొరని తొక్కుతావేంటి?" అని నా తరఫున మాట్లాడాడు. మా నాన్న సైకిలుని కాటా ఎక్కిస్తే 20 కిలోల పైమాటే తూగేది. ఆ రోజుల్లో బరువంటే మన్నిక. తేలిగ్గా ఉన్న సైకిలుని ఎవరూ కొనేవారు కాదు.

నా సైకిలు విశాఖపట్నంలో ఓ అపార్టుమెంటు అయిదో అంతస్తు బాల్కనీలో దొరికింది. 2020 లాక్‌డౌన్‌లో జిమ్ములకి తాళాలు పడ్డాక ఉద్యోగస్తులు ఎగబడి కొన్న సైకిళ్లలో ఇదొకటి. ఆఫీసులు తెరిచాక దీని పని అయిపోయింది. నేను చూడ్డానికి వెళ్లేసరికి హ్యాండిలు మీద ఓ తువ్వాలు, చంటిపిల్ల గౌన్లు రెండు ఆరుతున్నాయి. ఆ హ్యాండిలు అలాంటిది మరి. పొట్టేలు కొమ్ముల్లా ముందుకెళ్లి కిందికి వంగి ఉంటుంది, బట్టలారేయడానికే చేసినట్టు. దీన్ని రోడ్డు బైకు అంటారట. మా వైపు బైకంటే పెట్రోలు బండి కాబట్టి నేను సైకిలనే అంటున్నాను. స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు, చైను కవరు లేదు, ఆఖరికి బెల్లు కూడా లేదు. గేర్లు మాత్రం 16.

మొదటి రోజు ఉప్పాడ నుంచి మూలపేట దాకా వెళ్లి వచ్చేసరికి మెడ పట్టేసింది, అరచేతులు మొద్దుబారాయి. మా ఆవిడ జండూబామ్ రాస్తూ, "58 ఏళ్ల వయసులో ఆ వంగుడేంటండీ, నేల మీద రూపాయి వెతుకుతున్నట్టు" అంది. నాకు మాత్రం మా నాన్న మాట గుర్తొచ్చింది. "పరాయి గుంటరా అది. నీ కాళ్లకి తవ్విన గుంట కాదు."

ఆ మాట నేతపని తెలియనివాళ్లకి విప్పి చెప్పాలి. మాది నేతిల్లు. ఇంట్లో ఉన్నది గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు దింపుకుని, నేల మట్టానికి కూర్చుని నేస్తాం. గుంటలో తొక్కుడు చెక్కలుంటాయి. ఆ గుంట లోతు కొలబద్దతో తవ్వేది కాదు, ఆ మనిషి మోకాలితో తవ్వేది. మా నాన్న గుంటలో మా బాబాయి కూర్చుంటే రెండో రోజుకల్లా నడుం పట్టుకునేవాడు. ఒకరి మగ్గం మీద ఇంకొకరు నేయాల్సొస్తే ముందు గుంటలో ఓ ఇటుకో చెక్కో వేసి లోతు సర్దుకునేవారు. సెకండ్‌హ్యాండ్ సైకిలుకీ నాన్న ఇదే సూత్రం వాడేవాడు. కొనగానే తొక్కొద్దు, ముందు ఇటుక వెయ్యి అనేవాడు.

నేనూ వేశాను. దీన్ని అమ్మినాయన ఆరడుగుల మనిషి, నేను అయిదున్నర. సీటు నాలుగు వేళ్లు దించాను. మడమ పెడలు మీద ఆనించి, పెడలు అట్టడుక్కి వెళ్లినప్పుడు కాలు నిటారుగా చాపుకోగలిగితే సీటు ఎత్తు సరిపోయినట్టు. ఈ లెక్క నాకు చిన్నప్పుడే సైకిలు షాపులో తెలిసింది. హ్యాండిలుని ఫోర్కుతో కలిపే మెడ పొడవు ఎక్కువైతే కాకినాడ వెళ్లి పొట్టిది వేయించాను. సీటు ముక్కు వెంట్రుకవాసి కిందికి వంచాను. మూడు వారాలకి మెడ నొప్పి తగ్గింది. అప్పటికి నాకో సంగతి తట్టింది. మా ఊరికి సైకిలొచ్చిన కథంతా ఈ ఇటుక వేసుకునే కథే.

సైకిలు చరిత్ర చెప్పేవాళ్లు ఇంగ్లండులో మొదలుపెడతారు, నాకూ తప్పదు. ముందు చక్రం మనిషంత ఎత్తుండే పాత సైకిలుని పక్కకి నెట్టి, రెండు చక్రాలూ దాదాపు సమానంగా, వెనక చక్రానికి చైనుతో 1885లో రోవర్ సైకిలు తెచ్చినవాడు కోవెంట్రీకి చెందిన జాన్ కెంప్ స్టార్లీ. 1888లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల బండికి గాలి టైరు కట్టాడు. ఈ రెండూ కలిశాక ఇవాళ్టి దాకా సైకిలు ఆకారంలో చెప్పుకోదగ్గ మార్పేదీ లేదు. నా 16 గేర్ల సైకిలు పక్కన స్టార్లీ సైకిలు పెడితే మా పిల్లలు రెంటినీ సైకిలనే గుర్తుపడతారు.

అక్కణ్ణించి అది మద్రాసు రాజధానికి ఓడల్లో వచ్చింది. మొదట తొక్కినవాళ్లు దొరలు. ఆ తర్వాత ప్లీడర్లు, కచేరీ గుమాస్తాలు, తపాలా బంట్రోతులు. 1930ల్లో జపాను సైకిళ్లు చవగ్గా దిగి కొంత కిందివాళ్లకీ అందాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపట్‌లో అట్లాస్ పుట్టాయి. 1956లో లూధియానాలో హీరో మొదలైంది. చరిత్ర పుస్తకాల్లో ఇక్కడితో సైకిలు సామాన్యుడి చేతికొచ్చేస్తుంది. మా ఊళ్లో అంత తేలిగ్గా రాలేదు. నా చిన్నప్పుడు నేత వీధిలో షాపు నుంచి కొత్త సైకిలు తెచ్చుకున్నవాళ్లని ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ కాకినాడలో, పిఠాపురంలో ఒకరు తొక్కి వదిలినవే. పైగా దేశంలో తయారైన కొత్తదాని కంటే సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, వచ్చిన పాతదానికే గౌరవం. "సీమ సరుకండి, ఎండలో పెట్టినా రంగు పోదండి" అనేవారు. ఆ రంగు పోయి ఎన్నాళ్లయిందో ఎదురుగా కనబడుతూనే ఉండేది, అది వేరే సంగతి.

మా నాన్న 1964లో కొన్న బీఎస్ఏ సైకిలు రసీదు ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో ఉంది. అరఠావు కాగితం, మడతల దగ్గర చిరిగి, వెనక గంజి పూసిన గుడ్డ అంటించి ఉంటుంది. అమ్మినాయన కాకినాడలో రిటైరైన గుమాస్తా. రూపాయలు 85, అక్షరాలా ఎనభై అయిదు. దాని కింద ఫ్రేము నంబరు. ఆ నంబరు అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి రాసి ఉంది, భూమి దస్తావేజులో సర్వే నంబరు రాసినట్టు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, ఇద్దరు సాక్షులు. ఈ సైకిలు తన సొంతమనీ, దీనిమీద ఎవరికీ హక్కు లేదనీ, రేపు ఏ తగాదా వచ్చినా తనదే పూచీ అనీ ఆయన రాసిచ్చాడు. అప్పట్లో సైకిలు దొంగతనమంటే పశువుని తోలుకుపోవడం లాంటిది. రసీదు లేకుండా పాత సైకిలు తొక్కేవాణ్ణి దొంగకింద జమకట్టేవారు. నాన్న ఆ కాగితాన్ని మైనపు గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకుని తిరిగేవాడట.

బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అసలు తుపాకుల కంపెనీ. సైకిలు ముందుభాగాన బిళ్ల మీద మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని మగ్గం బొమ్మనుకునేవాణ్ణి. ఇప్పుడు నా సైకిలు గేర్ల మీద షిమానో అని ఉంది. ఆ కంపెనీ 1921లో జపానులోని సకాయ్‌లో పుట్టింది. ఆ ఊరు కూడా ఒకప్పుడు తుపాకులకీ కత్తులకీ పేరుపడ్డది, ఆ కమ్మరి చేతులే తర్వాత సైకిలు భాగాల మీదికి మళ్లాయి. గొట్టం తిన్నగా తీయడం వచ్చినవాడికి సైకిలు చేయడం కష్టం కాదు కాబోలు.

నాన్నకి సైకిలు షోకు కాదు. నేసిన నూలు చీరలు పిఠాపురం కొట్లకి చేరేయాలి. పది పన్నెండు కిలోమీటర్లు. చీరల మూటని తెల్లగుడ్డలో, దానిపైన రబ్బరు షీటులో చుట్టి, క్యారేజీ స్ప్రింగు కింద నొక్కిపెట్టి, పైన కొబ్బరితాడు వేసేవాడు. చైనుకి నిండు కవరున్న సైకిలే కావాలని పట్టుబట్టి కొన్నది అందుకే. చీర అంచుకి చుక్క గ్రీజు అంటిందంటే కొట్లో సావుకారు సగం ధర కోసేవాడు. చైను కవరు లేని నా సైకిలుని నాన్న చూస్తే ముందు దాని గురించే అడిగేవాడు.

ఈ పాత సైకిళ్లని కొత్తవాటిగా చూపించడం కూడా ఒక వృత్తే. మా ఊరి రిపేరు షాపు బాబాయి అందులో నిపుణుడు. ఫ్రేము మీది తుప్పుని గరుకు కాగితంతో గీకి, నల్ల ఎనామిలు రెండు పూతలేసి, ఆరాక సన్నటి కుంచెతో బంగారు రంగు గీతలు లాగేవాడు. ఊపిరి బిగబట్టి, మడ్‌గార్డు ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క లాగులో. గీత వణికితే తుడిచి మళ్లీ మొదలు. 1974లో మా పిన్ని పెళ్లిలో అలకపాన్పు మీద పెళ్లికొడుకు సైకిలు అడిగాడు. అలక తీర్చడానికి తాతయ్య ముందే సిద్ధంగా ఉన్నాడు. పసుపు కుంకుమ పెట్టిన నల్లటి సైకిలుని తోసుకొచ్చారు. బాబాయి పనితనం ముందు కొత్త సైకిలు దిగదుడుపు. మూడు నెలల తర్వాత మా చిన్నాన్న పెడలు దగ్గర పెచ్చు ఊడితే చూశాడు, నలుపు కింద ఎరుపు, ఎరుపు కింద పచ్చ. ఎరుపు తపాలాశాఖ రంగు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆయన మా ఇంటికొచ్చినప్పుడల్లా "మీ తంతి సైకిలెక్కి వచ్చానండి" అనేవాడు. తొక్కడం మాత్రం మానలేదు.

నేను నేర్చుకున్నది అద్దె సైకిలు మీద, 1978లో. గంటకి పావలా. సీటు మీద కూర్చుంటే కాలందదు, అందుకని ఫ్రేము త్రికోణంలోంచి కుడికాలు దూర్చి, ఒళ్లంతా ఎడంపక్కకి వేలాడదీసి అడ్డతొక్కుడు తొక్కేవాళ్లం. అందరూ మోకాలి చిప్పలు అప్పగించి నేర్చుకున్న విద్యే. ఒక్క తేడా ఏమిటంటే, నేను పడిన చోటు ఇవాళ చూపించమంటే చూపించలేను. అది సముద్రంలో ఉంది.

కవిత్వానికి అనట్లేదు. ఉప్పాడ తీరం తరాలుగా కోతకి గురవుతూనే ఉంది. పాత గుళ్లు, బంగళాలు, వీధులకి వీధులు నీళ్లలో కలిశాయి. తుఫాను తర్వాత అల వెనక్కి తగ్గితే జనం ఇసక జల్లించి బంగారం రవ్వలు ఏరుకుంటారు. 2020 నవంబరులో నివర్ తుఫాను అప్పుడు పేపర్లన్నీ ఆ వార్త వేశాయి. హోప్ ఐలాండ్ ఇసకతిన్నె పెరిగి అలల బలం ఇటు మళ్లడం, రేవు కట్టడాల వల్ల ఒడ్డు వెంబడి ఇసక నడక మారడం దీనికి కారణాలని శాస్త్రవేత్తలు చెప్తారు. బండరాళ్లు పోశారు, జియోట్యూబు గోడ వేశారు. అల వాటినీ కదిలించింది. రోడ్డుని ఎన్నిసార్లు మళ్లీ వేశారో లెక్క లేదు. రోడ్డుతో పాటు రిపేరు బాబాయి సైకిలు షాపూ జరిగింది. నాకు తెలిసి మూడుసార్లు. మూడోసారి ఆయన గోడలు కట్టలేదు, తాటాకు పందిరి వేసుకున్నాడు. "ఇంకోసారి జరగాలంటే సైకిలు మీద పెట్టుకుని పోవచ్చు" అన్నాడు.

నాన్న బీఎస్ఏ తొక్కిన రోజుల్లో సైకిలు మీద ప్రభుత్వానికీ ఓ కన్నుండేది. పట్నాల్లో ఏటా పన్ను కట్టి బిళ్ల తెచ్చుకుని తగిలించుకోవాలి. కాకినాడ వెళ్లేటప్పుడు బిళ్ల లేకపోతే భయం, చీకటి పడ్డాక లైటు లేకపోతే భయం, వెనక ఇంకో మనిషిని ఎక్కించుకుంటే భయం. పోలీసు ఆపితే జరిమానా కంటే చక్రాల్లో గాలి తీసేయడమే ఎక్కువ. నాన్న సైకిలుకి డైనమో ఉండేది. ఎక్కు మీద నెమ్మదిగా తొక్కితే లైటు గుడ్డిదయ్యేది, అక్కడే పోలీసు నిలబడేవాడని నాన్న ఫిర్యాదు.

నేతవాళ్ల కంటే సైకిలుని ఎక్కువ వాడుకున్నది చేపలవాళ్లు. ఆడవాళ్లు తట్ట నెత్తిన పెట్టుకుని నడిచి, తర్వాత బస్సెక్కి అమ్మేవారు. మగవాళ్లు కావడి దించి సైకిలెక్కారు. వెనక క్యారేజీకి అడ్డంగా రెండు కర్రలు కట్టి, దానిమీద పెద్ద బుట్ట, అడుగున ఐసు, పైన తడి గోనె. ఐసు కరిగేలోగా మెట్ట ఊళ్లకి చేరాలి. చినుకు పడ్డట్టు దారంతా నీటిచుక్కలు. అలాంటి పనికి కొత్త సైకిలెవరూ పెట్టరు, ఉప్పునీళ్లకి ఏడాదికే రిమ్ముల్ని తుప్పు తినేస్తుంది. అందుకని నేత వీధి పాత సైకిలు మత్స్యకారుల వీధిలో చివరి జన్మ ఎత్తేది. మా బీఎస్ఏ కూడా అంతే. 1980ల చివర్లో ఉప్పాడలో పట్టు జాందానీ ఊపందుకుని, వ్యాపారులే మా గుమ్మాల్లోకి రావడం మొదలెట్టాక నాన్నకి పిఠాపురం పరుగు తప్పింది. 1991లో దాన్ని 150 రూపాయలకి ఓ చేపలాయనకి ఇచ్చాడు. ఆయనకి కొత్త రసీదు రాసిచ్చాడు కానీ పాత రసీదు మాత్రం తనే ఉంచుకున్నాడు. మూడు తుపాకుల బిళ్ల ఊడదీసుకుందామని నేనంటే ఒప్పుకోలేదు. "అమ్మింది అమ్మాక మనది కాదురా" అన్నాడు.

అప్పటికే సైకిలు గోడెక్కింది. 1982లో ఎన్టీ రామారావు పార్టీ పెట్టి, 1983 జనవరి ఎన్నికల్లో సైకిలు గుర్తుతో గెలిచినప్పటి నుంచి గోడ మీద సైకిళ్లు పెరిగాయి, రోడ్డు మీద తరిగాయి. 1980లో వచ్చిన టీవీఎస్ 50 చేపల బుట్టని మెల్లగా తన వీపు మీదికి ఎక్కించుకుంది. మళ్లీ ఊళ్లో సైకిళ్లు గుంపుగా కనబడింది 2017 తర్వాతే, ప్రభుత్వం బడికొస్తా పథకం కింద 9వ తరగతి ఆడపిల్లలకి ఇచ్చినప్పుడు. నేను పనిచేసే హైస్కూల్లో వాటిని వరసగా పెట్టించే పని నాదే. పది పాసయ్యాక ఆ సైకిళ్లు తమ్ముళ్లకి వెళ్లాయి, కొన్ని సంతకి వెళ్లాయి. మళ్లీ సెకండ్‌హ్యాండే.

ఇప్పుడు నా సైకిలు సంగతి. కొన్న నెలకి వెనక చక్రం పంక్చరైంది. రిపేరు బాబాయి ఇప్పుడు లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. బైకులు, ఆటోలు, అప్పుడప్పుడు పిల్లల సైకిళ్లు చేస్తాడు. ట్యూబు తీసి గాలి పెట్టే ముక్కుని వేలితో పట్టుకుని చూశాడు. మన సైకిళ్ల వాల్వు లావుగా ఉండి, లోపల చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. ఇది పెన్సిలు ములుకంత సన్నం, కొసన బుల్లి నట్టు.

"విరిగిపోయినట్టుందండి, మాస్టారూ."

"విరగలేదు, ప్రెస్టా వాల్వు అంటారట. ఆ నట్టు వదులు చేసి ఒకసారి నొక్కు."

నొక్కాడు. తుస్సుమంది. మొహం వెలిగింది. "ఆయ్, దీనికి రబ్బరు లేదండి, గాలే మూసుకుంటుందండి." అయితే ఆయన పంపు దానికి ఎక్కదు. ఇత్తడి టోపీలాంటి ముక్క ఒకటి మధ్యలో బిగించాలి, అదేమో నా దగ్గర ఉంది, ఇంట్లో. నేను నడిచి ఇంటికెళ్లి తెచ్చేసరికి షాపు చుట్టూ ఎనిమిది మంది. గాలి ఎంత కొట్టాలో మళ్లీ చర్చ. టైరు వెడల్పు 25 మిల్లీమీటర్లు, అందులో 80 పౌండ్ల పైన గాలి ఉండాలి. ఆయన బొటనవేలితో నొక్కి "రాయైపోయిందండి, పేలుద్ది" అని వెనక్కి జరిగాడు. పేల్లేదు. డబ్బులు తీసుకోనన్నాడు, నేర్చుకున్నందుకు.

గేర్లకి అలవాటు పడ్డానికే ఎక్కువ కాలం పట్టింది. వేసవిలో మధ్యాహ్నం దాటాక దక్షిణపు గాలి కాకినాడ వైపు నుంచి ఎదురొస్తుంది. అటు వెళ్లేటప్పుడు నరకం, వచ్చేటప్పుడు తెరచాప. ఇన్నాళ్లూ ఎదురుగాలికి మందు నిలబడి తొక్కడమే అనుకున్నాను. చిన్న గేరులో కాళ్లు గబగబా తిప్పుకుంటూ కూర్చునే ఉండొచ్చని ఒంటికి తెలియడానికి రెండు నెలలు పట్టింది. టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టిన హెన్రీ దెగ్రాంజ్ గేర్లు 45 ఏళ్లు దాటినవాళ్లకేనని 1902లోనే ఎగతాళి చేశాడు. ఆయన పందెంలో ఇలా చైను పళ్లు మార్చే గేర్లని 1937 దాకా రానివ్వలేదు. నాకు 58. దెగ్రాంజ్ గారి లెక్కలో నాకు అన్ని అర్హతలూ ఉన్నాయి.

చైను ఒక పళ్లచక్రం మీద నుంచి ఇంకోదాని మీదికి దూకకుండా గరగరలాడుతుంటే తీగ బిగింపు సరిచేసే చిన్న మర పావు మలుపు తిప్పాలి. ఎక్కువ తిప్పితే అవతలి పళ్లచక్రం దగ్గర తగువు. ఇది మా చెల్లెలు పది నిమిషాల్లో పట్టేసింది. అది జాందానీ నేస్తుంది. మగ్గానికి ఇద్దరు కూర్చుని, బుటా దారాన్ని పోగు పోగుకీ చేత్తో అల్లుతారు, అడ్డూ అదుపూ తెలియని చేయి పెడితే చీర పాడు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ పనికే. వెనక చక్రం ఎత్తిపట్టి నేను పెడలు తిప్పుతుంటే అది మర తిప్పి, చెవి ఒగ్గి, "ఇక్కడ ఆపన్నయ్యా" అంది. గరగర పోయింది.

విశాఖలో సైకిలు అమ్మిన అబ్బాయిని నేను రసీదు అడిగాను. "ఫోన్‌పేలో ఉంటుంది కదా అంకుల్" అని నవ్వాడు. నేను కదల్లేదు. చివరికి కొరియరు కాగితం వెనక రాసిచ్చాడు. సైకిలు బోర్లా పెట్టి, పెడళ్ల ఇరుసు కింద మట్టి తుడిచి, నంబరు నేను చదువుతుంటే తను రాశాడు. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. అక్షరాల్లో ఎందుకో తనకి అర్థం కాలేదు. ఆ కాగితం ఇప్పుడు నాన్న రసీదు పక్కనే ఉంది.

కాకినాడ నుంచి ఉప్పాడ బీచ్ రోడ్డు మీద సైకిలు తొక్కుదామని వచ్చేవాళ్లు ఈ మధ్య ఆదివారాలు కనబడుతున్నారు. రండి. పున్నమికీ అమావాస్యకీ దగ్గర రోజుల్లో మాత్రం పోటు వేళ కనుక్కుని రండి, అల రాళ్లు దాటి రోడ్డు మీద పడుతుంది, సన్నటైర్లు ఆ ఇసకలో నిలవవు. ఇంటికెళ్లాక సైకిలుని మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైనుకి నూనె వేసి పడుకోండి. రేపు చూద్దాం అనుకోవద్దు, మా ఊరి ఉప్పుకి ఒక్క రాత్రి చాలు.